మూడొందల ఫాంటమ్

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంద్రజాల్ కామిక్ ఒకటి కంటపడింది. 1990లోనే ఆగిపోయిన సిరీస్. అట్ట మీద వెల పది రూపాయలు కూడా లేదు, అమ్మేవాయన 300 అన్నాడు. బేరమాడితే "పాతది కాబట్టే సార్ ఆ రేటు" అని నవ్వాడు. 250కి తెగింది. పిన్నులు తుప్పు పట్టి నడిమి కాగితం ఊడొచ్చింది. లోపల ఎవరో పిల్లాడు ముసుగు హీరో ఫాంటమ్‌కి బాల్‌పెన్నుతో మీసాలు పెట్టాడు (మేమూ పెట్టినవాళ్ళమేలెండి). చిన్నప్పుడు అద్దె షాపులో పావలాకి చదివేవాణ్ణి. ఇప్పుడు ఈ పాత కామిక్స్‌కే నెలకి 2,000 దాటుతోంది. పైగా ప్లాస్టిక్ కవర్లు, బీరువాలో ఓ అర. రాత్రి మా ఆవిడ "పెట్రోలుకి ఉంచిన డబ్బులేవండీ?" అంది. పుస్తకం దిండు కిందే ఉంది. ఇంకా సగమే అయింది.