అమ్మ కాలమ్‌లో సున్నా

నేను మళ్లీ ఆఫీసుకెళ్తే పాపను ఎవరు చూసుకోవాలి, నెలకు ఎంతవుతుంది అని పోయిన నెల మా ఆయన ఒక ఎక్సెల్ షీట్ చేశారు. మూడు కాలమ్‌లు: డేకేర్, ఆయా, అమ్మ (అంటే మా అమ్మ). డేకేర్ కింద 15,000. ఆయా కింద 22,000. అమ్మ కింద 0.

ఆ సున్నా చూసి అప్పటికేమీ అనలేదు. ప్రసూతి సెలవు ఇంకా పదిహేను రోజులే మిగిలింది, పోట్లాడే ఓపిక లేదు.

ముందు ఆఫీసునే అడిగాను. 2017లో ప్రసూతి సెలవుల చట్టం మార్చినప్పుడు 12 వారాల సెలవును 26 చేశారు. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ అందులోనే ఉంది. మా వాళ్లకూ ఒక డేకేర్‌తో ఒప్పందం ఉందిట. ఫోన్ చేస్తే, "ఏడాది నిండాకే తీసుకుంటాం మేడం" అన్నారు. మా బుజ్జిదానికి ఐదున్నర నెలలు. హెచ్ఆర్ అమ్మాయి పాపం సారీ చెప్పింది.

ఇక ఆయా. ఏజెన్సీ వాళ్లు ఒక నెల జీతం కమీషన్‌గా ముందే కట్టమన్నారు. అంటే మొదటి నెల 44,000, తిండి వేరు. వాళ్లు పంపినావిడ మంచి మనిషే. పిల్లను ఎత్తుకోబోయే ముందు గాజులు మోచేతి దాకా పైకి తోసుకుంది, గీరుకోకుండా. "నీకు పిల్లలున్నారా" అంటే, "రెండేళ్ల బాబు అక్కా, ఊళ్లో మా అమ్మ దగ్గరుంటాడు" అంది. అక్కడా ఒక సున్నా ఉందన్నమాట. ఆవిడ మీద నాకే అనుమానమూ లేదు. కానీ ఇద్దరం ఆఫీసుకెళ్లాక తలుపేసిన ఫ్లాట్‌లో పది గంటలు ఒక్క మనిషీ, మాటలు రాని పిల్లా. ఆవిడకే కళ్లు తిరిగి పడిపోతే ఎవరికి తెలుస్తుంది?

మియాపూర్, చందానగర్ మధ్య నాలుగు డేకేర్‌లు చూశాం. మొదటిదాంట్లో గోడల నిండా ఏనుగులు, జిరాఫీలు. సీసీటీవీ ఫోన్‌లోనే చూసుకోవచ్చు. కావాలనే మధ్యాహ్నం రెండున్నరకు, చెప్పకుండా వెళ్లాం. బాత్‌రూమ్ తలుపు బార్లా, లోపల సగం నిండిన బకెట్. పక్క గదిలో ఒక పసివాడు మెత్తటి దిండులో మొహం పెట్టి బోర్లా నిద్రపోతున్నాడు. ఏడాదిలోపు పిల్లల్ని వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండూ దుప్పటీ లేకుండా పడుకోబెట్టాలని మా పిల్లల డాక్టర్ మొదటి వారంలోనే చెప్పి పంపారు. గది మూలన కెమెరా ఎర్రగా వెలుగుతూనే ఉంది. వాడి తల్లి అది చూసి ఎక్కడో ఆఫీసులో నిశ్చింతగా ఉండి ఉంటుంది. నేనే వంగి వాణ్ని తిప్పాను. "వాడికలాగే అలవాటు మేడం" అని నవ్వింది ఆయా.

మధ్యలో రెండూ చెప్పుకోదగ్గవి కావు.

నాలుగోది రెండు గదుల పాత ఇల్లు. బొమ్మలు తక్కువ. గేటు గడియ పిల్లలకు అందనంత ఎత్తులో. నడిపే ఆవిడ మా చేత చేతులు కడిగించాకే లోపలికి రానిచ్చారు. మేం అడిగినవాటి కన్నా ఆవిడ అడిగినవే ఎక్కువ: బోర్లా పడుతోందా, పాలు పిండి పంపుతారా, టీకాల కార్డేదీ. ముగ్గురు చంటిపిల్లలకు ఒక ఆయా. ఫ్రిజ్‌లో పాలసీసాలు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మీదా తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద పేరు, తేదీ, పిండిన టైము. నెలకు 15,000, ఇంకో నెలది అడ్వాన్స్, సాయంత్రం ఆరున్నర దాటితే గంటకు 200. జ్వరం తగ్గి ఒక రోజు గడిచేదాకా పిల్లను తీసుకోరు. అది విని మా ఆయన మొహం ముడుచుకున్నారు. నాకు మాత్రం నమ్మకం కుదిరింది అక్కడే. మనదాన్ని ఆపేవాళ్లు పక్కవాళ్లనీ ఆపుతారు కదా. కాకపోతే ఆ జ్వరాలకు మేం పెట్టాల్సిన సెలవులు షీట్‌లో లేవు.

అయినా తొమ్మిది నెలలు నిండి తట్టు టీకా పడేదాకా అంతమంది పిల్లల మధ్య వదలడానికి మనసొప్పలేదు. అమ్మ తెనాలి నుంచి వచ్చింది.

రాత్రి పిల్ల పడుకున్నాక మోకాళ్లకు నూనె రాసుకుంటూ నాన్నకు ఫోన్ చేస్తుంది. "పాలు కాచారా? తోడేశారా?" నాన్నకు కాఫీ తప్ప ఇంకేదీ పెట్టుకోవడం రాదు. మొన్న మూడు రోజులు వరసగా పెరుగన్నమే తిన్నారని ఎదురింటి పిన్నిగారు చెబితే గానీ మాకు తెలియలేదు.

ఆ రాత్రే షీట్ తెరిచి సున్నా చెరిపేశాను. నాన్న క్యారేజీ 4,500. ఇక్కడ అమ్మకు సాయంగా పొద్దుటిపూట మనిషి 6,000. మోకాళ్లకు ఫిజియోథెరపీ 5,000. నెలకోసారి తెనాలి రానూపోనూ 1,600. మొత్తం 17,100.

మా ఆయన చాలాసేపు చూశారు. "డేకేరే చవక" అన్నారు మెల్లగా.

అడ్వాన్స్ కట్టి ఆ పాతింట్లో సీటు పట్టుకున్నాం. తొమ్మిదో నెల నిండే దాకా అమ్మ, ఆ తర్వాత అక్కడ. ఫారంలో పిల్లను తీసుకెళ్లడానికి ఎవరెవరు రావచ్చో ఫోటోలతో సహా ఇవ్వాలి. మూడో గడిలో అమ్మ పేరు రాశాను. అమ్మ దగ్గరున్న పాస్‌పోర్ట్ ఫోటో పదిహేనేళ్ల కిందటిది, అందులో ఆవిణ్ని నేనే పోల్చుకోలేకపోయాను. రేపు స్టూడియోకి తీసుకెళ్తున్నా. ఏ చీర కట్టుకోవాలో పొద్దున్నించీ అడుగుతోంది.