మద్దిలపాలెం – హనుమంతవాక దారిలో కాలిబాట కోసం: నా అనుభవం

జాతీయ రహదారి 16 మద్దిలపాలెం, ఇసుకతోట, హనుమంతవాకల మీదుగా విశాఖ నగరం మధ్య నుంచే సాగుతుంది. హనుమంతవాక వద్ద విమ్స్ ఆసుపత్రి, కంటి ఆసుపత్రి ఉన్నందున బస్సు దిగి నడిచేవారిలో రోగులు, వృద్ధులు చాలామంది ఉంటారు. తెల్లవారుజామున పనులకు వెళ్లేవారు సైకిళ్లపై ఇదే దారిని పడతారు. ఇక్కడి కాలిబాటల గురించి అర్జీ పెట్టే బాధ్యతను మా కాలనీ సంక్షేమ సంఘం నాకు అప్పగించింది.

‘కాలిబాటలు బాగు చేయండి’ అని రాస్తే, ఆ పని ఎవరిదో, ఎంతవరకో ఎవరికీ తెలియదు. కాబట్టి మేము టేపు పట్టుకుని కొలిచాము. దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, పాదచారుల సదుపాయాలపై ఇచ్చిన 103వ మార్గదర్శిక ప్రకారం కాలిబాటపై అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ట్రాన్స్‌ఫార్మర్లు, ప్రకటన బోర్డులు, లేచిపోయిన కాలువ మూతలు ఈ వెడల్పును ఎక్కడెక్కడ మింగేస్తున్నాయో ఫొటోలతో సహా పట్టికగా రాశాము. ‘నడవడం తరువాతి మాట బాబూ, ముందు దాని మీదికి ఎక్కగలగాలి కదా’ అని మా వీధి పెద్దాయన ఒకరు అన్న తరువాతే అంచు ఎత్తును ప్రతిచోటా కొలవడం మొదలుపెట్టాము.

అర్జీ ఇచ్చిన కార్యాలయం ఆ రోడ్డు తమ పరిధిలోది కాదంటూ దాన్ని మరో కార్యాలయానికి పంపింది, అక్కడా అదే సమాధానం వచ్చింది. రహదారి ఒకరిది, పక్క రోడ్డు ఒకరిది, కాలువ వేరొకరిది అయినప్పుడు నడిచేవాడు ఎవరికీ చెందడు. నన్ను ఎక్కువగా బాధించింది ఇదే. చివరికి 2005 సమాచార హక్కు చట్టం కింద, ఏ భాగం నిర్వహణ ఎవరిదో అడిగాను. దరఖాస్తు వేరే శాఖకు సంబంధించినదైతే 6(3) సెక్షన్ ప్రకారం 5 రోజుల్లోగా వారే బదిలీ చేయాలి కాబట్టి, ఈసారి తిరగవలసిన బాధ్యత మాపై పడలేదు. వచ్చిన జవాబులను జతచేసి, ఎవరి భాగానికి వారికి విడివిడిగా అర్జీలు రాశాము.

ఆ తరువాత జరిగిన ఉమ్మడి పరిశీలనలో అసలు చర్చ ట్రాఫిక్ లెక్క మీదికి మళ్లింది. మన సర్వేలు కారును ఒక యూనిట్‌గా, సైకిల్‌ను అందులో సగంగానో అంతకంటే తక్కువగానో లెక్కిస్తాయి, కాలినడకన పోయేవారికి ఆ కొలమానంలో చోటే లేదు. వాహనాలను కాక మనుషులను చేరవేయడమే ప్రణాళిక లక్ష్యమని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెబుతున్నా, కూడళ్ల రూపకల్పన మాత్రం ఈ యూనిట్ల మీదే నడుస్తోంది. రోడ్డు దాటేవారిని, సైకిళ్లను గంటల వారీగా విడిగా లెక్కించాలని, ఆ లెక్క చూశాకే సిగ్నల్ సమయం నిర్ణయించాలని మేము కోరాము. కాలిబాట హక్కు, జీవించే హక్కును కాపాడే రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పిన మాటను కూడా అర్జీలో చేర్చాము.

కొన్ని మూతలు సరిచేశారు, రెండుచోట్ల బోర్డులు తీశారు. అంచు ఎత్తు తగ్గించే పని, పాదచారుల లెక్కింపు ఇంకా మొదలుకాలేదు. వాటికోసం శాఖలవారీగా రాసిన అర్జీల రసీదు సంఖ్యలను సంఘం రిజిస్టరులో నమోదు చేసి, ప్రతి సమావేశంలో వాటి స్థితిని చదివి వినిపిస్తున్నాము.