నా వేళ్లు తెల్లబడ్డప్పుడు

మాది నెల్లూరు జిల్లా, ఇందుకూరుపేట వైపు. తొమ్మిదేళ్లు రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేశాను. తల తీసేది, తోలు వలిచేది, కౌంటు చూసి వేరు చేసేది, అన్నీ ఐసు మధ్యే. గ్లౌజులు రెండు జతలు వేసుకున్నా నీళ్లు లోపలికి దిగేవి. అక్కడ అందరి చేతులూ మొద్దుబారతాయి. అందుకే నా వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడినా పట్టించుకోలేదు.

తేడా ఇంట్లో తెలిసింది. ధనుర్మాసంలో ముగ్గు వేద్దామని పొద్దున్నే బకెట్ నీళ్లలో చెయ్యి పెడితే, కుడిచేతి మూడు వేళ్లు రెండో కణుపు దాకా గీత గీసినట్టు తెల్లబడ్డాయి. కాసేపటికి నీలంగా మారాయి. పొయ్యి దగ్గర కాచుకుంటే ఎర్రబడి ఒకటే మంట. నాన్నకి చూపిద్దామని మా పాప ఫోన్‌లో ఫోటోలు తీసింది. తర్వాత నాకు దారి చూపింది ఆ ఫోటోలే.

ఆ దారి దొరకడానికి ఏడాదిన్నర పట్టింది. ముందు వేళ్లు ఉబ్బాయి, ఉంగరాన్ని సబ్బు రాసి తీయాల్సి వచ్చింది. కీళ్లవాతం అని ఒక ఆర్‌ఎంపీ స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేశాడు. వారం హాయిగా ఉండేది, మళ్లీ మామూలే. తర్వాత వాపు తగ్గి చర్మం బిగుసుకుంది. వేలి మీద చర్మాన్ని గిల్లి పట్టుకుందామంటే దొరకదు, పిడికిలి మూసుకోదు. మెడ మీద చర్మం నల్లబడి, అందులో ఉప్పూ మిరియాలూ కలిపి చల్లినట్టు తెల్ల చుక్కలు వచ్చాయి. ఒకరు బొల్లి అన్నారు. ఇంకొకరు ఏ జబ్బు పేరూ పలక్కుండానే నేను నీళ్లు తాగిన గ్లాసు తీసి వేరుగా పెట్టారు. ఆ గ్లాసు నాకింకా కళ్లముందే ఉంది. ముఖంలో ముడతలు పోయి నునుపు తేలింది. "ఏంది వదినా, వయసు తగ్గిపోతా ఉండావు" అని మా ఆడబిడ్డ అంటే సంతోషపడ్డాను కూడా. నోరు చిన్నదైపోతోందని అప్పటికి తెలియదు.

చివరికి నెల్లూరులో ఒక చర్మం డాక్టరమ్మ దూదితో వేళ్లన్నీ తాకి చూసింది. స్పర్శ బాగానే ఉంది. కుష్ఠు కాదమ్మా అని తేల్చేసి, చలికి రంగు మారతాయా అని అడిగింది. ఫోటోలు చూపించాను. గోళ్ల మొదళ్లని చిన్న పరికరంతో చాలాసేపు చూసింది. అక్కడి సన్న రక్తనాళాలు పాడైతే తెలిసిపోతుందట. తర్వాత అడిగింది: "తిన్నది ఛాతీ దగ్గర ఆగుతోందా? మెట్లెక్కితే ఆయాసమా?" చర్మం డాక్టరుకి ఇవన్నీ ఎందుకు అనుకున్నాను. కానీ రెండూ నిజమే. ఇడ్లీ కూడా నీళ్లు తాగితే గానీ దిగేది కాదు. గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతున్నాను. ఆయాసం రక్తం తక్కువై అనుకున్నాను.

ఆమె ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష (ఒంట్లోని రోగనిరోధక శక్తి మనమీదే తిరగబడిందేమో చూసేది) చేయించి, చెన్నైలో ఇలాంటి జబ్బులూ కీళ్లవాతాలూ చూసే రుమటాలజీ డాక్టరుకి రాసిచ్చింది. స్క్లీరోడెర్మా అనే మాట అక్కడే విన్నాను. మన రోగనిరోధక శక్తే మనమీద తిరగబడి, చర్మంలోనూ లోపలి అవయవాల్లోనూ కొల్లాజెన్ అనే ప్రోటీన్ పేరుకుపోయి గట్టిపడే జబ్బు. "పిల్లలకి అంటుద్దా సార్?" అని మా ఆయన అడిగాడు. అంటదు. ఐసు వల్ల వచ్చిందా అని నేను అడిగాను. ఐసు తెచ్చింది కాదు, ఉన్న జబ్బుని రెచ్చగొట్టింది అన్నారు.

వీపు మీద స్టెతస్కోప్ పెట్టి, చెప్పుల వెల్‌క్రో పట్టీ ఊడదీసినట్టు శబ్దం వస్తోందన్నారు. నాకు దగ్గే లేదు! సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల కింది భాగం మసకపట్టిన అద్దంలా కనిపించింది. ఎస్‌సీఎల్-70 అనే రక్తపరీక్ష కూడా పాజిటివ్ వచ్చింది. అది ఉన్నవాళ్లకి ఊపిరితిత్తులు దెబ్బతినే అవకాశం ఎక్కువట. ఊపిరితిత్తుల్లో గాలి ఎంత పడుతుందో చూసే ఊదే పరీక్షలో గొట్టం చుట్టూ పెదాలు బిగించలేక గాలి పక్కనుంచి పోయేది. ఆ అమ్మాయి విసుక్కోకుండా నాలుగుసార్లు చేయించింది. ఉండాల్సిన దాంట్లో 64 శాతం వచ్చింది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ల సంగతి చెప్పగానే డాక్టరు పెన్ను కింద పెట్టేశారు. ఈ జబ్బులో ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు పడితే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినొచ్చట. బీపీ ఒక్కసారిగా పెరగడమే దాని గుర్తు. అందుకే ఇంట్లో మిషన్ పెట్టుకుని బీపీ చూసి నోట్‌బుక్‌లో రాస్తున్నాను. పై అంకె ఎప్పుడూ 110 ఉండేది ఒక్కసారిగా 150 అయితే ఆగకుండా రమ్మన్నారు. ఇంత చిన్న విషయం తెలియక ఎంత ప్రమాదం అంచున తిరిగానో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

వేళ్లు తెల్లబడుతూ చర్మం బిగుస్తున్న వాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒకటే. దగ్గు లేకపోయినా ఊపిరితిత్తులు చూపించుకోండి, గుండెకి ఎకో అనే స్కాన్ కూడా చేయించుకోండి.

ఐసు పని మానేశాను. తిరగబడ్డ రోగనిరోధక శక్తిని అదుపు చేసే మైకోఫెనోలేట్ మాత్రలు, వేళ్లకి రక్తం ఆడటానికి నిఫెడిపిన్, కడుపుకి ఒక మాత్ర వేసుకుంటున్నాను. రాత్రి పులుపు గొంతులోకి రాకుండా మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. రోజూ అద్దం ముందు నోరు తెరిచే వ్యాయామం చేస్తాను. మొదట్లో రెండు వేళ్లు పట్టేది, ఇప్పుడు మూడోది కొస దూరుతోంది.

పోయిన రొట్టెల పండగకి మా అత్తమ్మ నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి నా కోసం ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చింది. ముక్కలు ముక్కలుగా తుంచి తనే తినిపించింది. కోరిక తీరితే మరుసటేడు రొట్టె చేసుకెళ్లి ఇవ్వాలి. మొన్న ఊదే పరీక్షలో 66 వచ్చింది. చర్మం ఇంకా బిగుతుగానే ఉంది, వేళ్లు ఇంకా తెల్లబడుతున్నాయి.

"తీరినట్టేనా అమ్మా, ఈ ఏడు రొట్టె ఇద్దామా?" అని అడిగింది అత్తమ్మ.

"ఊపిరి తగ్గలేదు కదా అత్తమ్మా, ఇద్దాం" అన్నాను.