11వ తేదీ అధ్యాయం

బైబిల్లోని సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు. తేదీ ఎంతైతే ఆ అధ్యాయం చదవడం మా అమ్మ నేర్పిన పద్ధతి. చదవడం సులువే. కర్నూలు పాతబస్తీలో ఉల్లిగడ్డల అంగడి పెట్టుకున్నోడికి 11వ తేదీ వస్తేనే చిక్కు. మొదటి వచనమే "దొంగత్రాసు యెహోవాకు హేయము". చర్చిలో వింటే ఎవరికో చెప్పినట్టుంటుంది, కాటా ముందర కూర్చుంటే నాకే. అందుకే పొద్దున్నే ఖాళీ కాటా సున్నా చూపించాకే మొదటి బేరం. గోనెసంచి బరువు కూడా తీసేసి లెక్క కడతా. "ఏమప్పా, ఇంత చాదస్తమా!" అని పక్కంగడి అన్న నవ్వుతాడు. నవ్వనీ.

తూకం పర్వాలేదు గానీ, 15వ అధ్యాయమే కష్టం. మృదువైన మాట క్రోధాన్ని చల్లారుస్తుందట. ధర పడిపోయిన రోజు, పావుకిలో కోసం గంటసేపు బేరమాడే అక్కతో ఆ మృదువైన మాట మాట్లాడాలంటే... అబ్బా!