పది తూటాలకు ఒక గుంపు

గత ఏడాది చివర్లో నా రైఫిల్‌కు కొత్త బ్యారెల్ పెట్టించాను. రెమింగ్టన్ 700 నమూనా యాక్షన్ (తూటాను లోపలికి తోసి పేల్చే యంత్రాంగం), 26 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు బ్యారెల్, ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులు, 6.5 క్రీడ్‌మోర్ అనే రకం తూటాకు సరిపోయే చాంబర్ (తూటా కూర్చునే గది). అన్నింటినీ నేను కోరిన కొలతలకే టెక్సాస్‌లో మా ఊరి దగ్గరి గన్‌స్మిత్ ఒకరు అమర్చి ఇచ్చారు. ఇలాంటి రైఫిల్ చేతికి వచ్చాక దానికి నప్పే తూటాను కూడా మనమే కూర్చుకోవాలనిపించడం సహజం. (భారతదేశంలో ఉన్న మిత్రులకు ఒక మాట: అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. నేను రాస్తున్నదంతా ఇక్కడి సంగతి.)

ఇత్తడి కేసింగ్, దాని అడుగున మందును అంటించే ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు: ఈ నాలుగూ కలిస్తేనే తూటా. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు, అంటే మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజ ఎత్తులో సగానికి కాస్త ఎక్కువ. ఈ వేసవిలో మా అమ్మ వచ్చినప్పుడు, గ్యారేజీలో ఫ్యాన్ ఆపేసి, త్రాసు చుట్టూ అట్టముక్కలు నిలబెట్టి, చెమటలు కక్కుతూ పలుకు పలుకుగా మందు వేస్తున్న నన్ను చూసి, “కంసాలి పని ఎప్పుడు నేర్చావురా?” అంది. ఎంత మందు వేశానో ఇక్కడ కావాలనే రాయడం లేదు. ఒక రైఫిల్‌లో క్షేమంగా పేలిన కొలత మరో రైఫిల్‌లో ప్రమాదకరమైన పీడనం పుట్టించవచ్చు కాబట్టి, ఎవరైనా మందు తయారీదారు ప్రచురించిన కనిష్ఠ కొలతతో మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్ళవలసిందే.

మొదటి పరీక్ష అందరూ చేసే పద్ధతిలోనే చేశాను. మందు 0.3 గ్రెయిన్ల చొప్పున పెంచుకుంటూ ఏడు మెట్లు, మెట్టుకు మూడు తూటాలు, దూరం 100 గజాలు. ఒక్కో మెట్టు తూటాలు గురి కాగితం మీద చేసిన రంధ్రాలన్నీ కలిపి ఒక గుంపు, దాని వెడల్పు ఎంత తక్కువైతే అంత మంచిది. ఆరు గుంపులు 0.5 నుంచి 0.9 అంగుళాల దాకా రాగా, నాలుగో మెట్టు మాత్రం 0.35 అంగుళాలే వచ్చింది. రైఫిల్ తనకేది ఇష్టమో చెప్పేసిందనుకుని, ఆ రాత్రే అదే కొలతతో యాభై తూటాలు కూర్చాను. మరుసటి వారం అవే తూటాలు పది కొడితే గుంపు 1.02 అంగుళాలు వచ్చింది. స్కోపు (రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణి) మరలు వదులయ్యాయేమోనని ఒకటికి రెండుసార్లు బిగించి చూశాను కానీ, లోపం నా లెక్కలోనే ఉంది.

గుంపు వెడల్పును అన్నిటికంటే దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య కొలుస్తాం కాబట్టి, తూటాల సంఖ్య పెరిగే కొద్దీ అది పెరగక తప్పదు. ఒకే రైఫిల్‌తో, ఒకే రకం తూటాలతో మూడేసి తూటాల గుంపుల సగటు ఒక అంగుళం ఉంటే, పదేసి తూటాల గుంపుల సగటు ఒకటిన్నర అంగుళం దాటుతుంది. పైగా మూడు తూటాల గుంపు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. అసలు మందు కొలత మార్చకుండా ఏడు గుంపులు కొట్టినా, వాటిలో చిన్నది సగటులో సగమే ఉండటంలో వింతేమీ లేదు. నాలుగో మెట్టు గొప్పతనం చాలావరకు అదేనని ఇప్పుడు నా అభిప్రాయం.

అందుకే పద్ధతి మార్చాను. రెండు కొలతలను ఎంచుకుని, ఒక్కొక్కటి పదేసి తూటాలు కూర్చి, బ్యారెల్ వేడీ గాలి మార్పూ రెండింటికీ సమానంగా తగిలేలా ఒకటి విడిచి ఒకటిగా రెండు వేర్వేరు గురి కాగితాల మీద కొట్టాను. వెడల్పుతో పాటు, గుంపు మధ్యబిందువు నుంచి ఒక్కొక్క రంధ్రం ఎంత దూరంలో ఉందో కొలిచి సగటు కూడా తీశాను. ఇది రెండు రంధ్రాలనే కాక పదింటినీ లెక్కలోకి తీసుకుంటుంది. నాలుగో మెట్టుకు ఆ సగటు 0.32 అంగుళాలు, ఆరో మెట్టుకు 0.31. అంటే తేడా లేనట్టే. ఆ తరువాత మందు కొలత కదపకుండా, బరువు అదే 140 గ్రెయిన్లు ఉంచి, వేరే కంపెనీ గుండు వాడగా (కొత్త గుండు కాబట్టి మళ్ళీ కింది నుంచే మొదలుపెట్టి ఆ కొలతకు వచ్చాను) సగటు 0.22కు దిగింది. నమ్మకం కలగక మరో రోజు మళ్ళీ పది కొట్టాను, 0.23 వచ్చింది. వారాల తరబడి మందు పలుకుల దగ్గర నేను పడిన తంటాలు ఇవ్వని ఫలితాన్ని గుండు మార్పు ఒక్క పూటలో ఇచ్చింది.

ఇందుకు ఖర్చు లేకపోలేదు. ఈ కాలిబర్ బ్యారెల్ కచ్చితత్వం రెండు మూడు వేల తూటాల వరకే నిలుస్తుందని షూటర్లు అంటారు. నేను పరీక్షలకే నూట ఎనభై దాకా ఖర్చు పెట్టాను. గుండును కేసింగ్‌లో ఎంత లోతున కూర్చోబెట్టాలన్న పరీక్షను అందుకే పక్కన పెట్టేశాను.

మిగిలింది వేగం. గుండు వేగంలో సెకనుకు 30 అడుగుల తేడా ఉన్నా 100 గజాల దగ్గర అది అంగుళంలో పదో వంతు కూడా కనబడదు, 600 గజాల దగ్గర మాత్రం రెండు అంగుళాలకు పైగా కిందికో మీదికో జరుగుతుంది. గుండు వేగాన్ని కొలిచే నా క్రోనోగ్రాఫ్ పది తూటాల మీద చూపిన తేడా 34 అడుగులు. కొత్త గుండుతో యాభై తూటాలు కూర్చి సిద్ధంగా ఉంచాను. ఎండలు తగ్గాక దూరపు రేంజికి వెళ్ళి, రంధ్రాలు పక్కలకంటే నిలువుగా ఎక్కువ పరుచుకుంటున్నాయేమో ముందుగా చూడాలి. అలా పరుచుకుంటే ఫ్యాన్ ఆపేసి మళ్ళీ ఆ త్రాసు ముందు కూర్చోవలసి ఉంటుంది.