గోడ పొయ్యి, రెండో చలికాలం

పోయినేడు కట్టించిన ఫైర్‌ప్లేస్ గురించి ఇంట్లో అందరిదీ ఒకటే మాట, గది కంటే ఊరే ఎక్కువ వెచ్చబడుతోందని. మా చేను ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దారిలో ఉంది, డిసెంబరులో తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి పోతుంది, సిర్పూర్(యు), గిన్నెధరి వైపైతే ఇంకా ఘోరం. చేనులో గది 12 × 14 అడుగులు. పొయ్యి ముందు కూర్చుంటే మోకాళ్లు కాలేవి, వీపు వణికేది. బాపు రెండో రోజే తేల్చేశాడు: "కట్టెలన్నీ ఆకాశానికే కాలుతున్నయిరా, దీనికన్న కుంపటే నయం."

తప్పు నాదే, మేస్త్రీకి ఫొటో చూపించి ఇలాగే కట్టమన్నాను. నోరు 36 అంగుళాల వెడల్పు, 30 ఎత్తు, లోతు 24, సామాను పెట్టుకునే గూడులాగా. పొగగొట్టం లోపల 9 × 9. గొట్టం వైశాల్యం నోటి వైశాల్యంలో కనీసం పదో వంతు ఉండాలనేది పాత లెక్క. నాది 1080కి 81, పొగ గదిలోకి రాక ఏం చేస్తుంది? గొట్టం కూలగొట్టే ఓపిక లేక నోటినే 30 × 27కి తగ్గించాను, 810, సరిగ్గా సరిపోయింది.

లోపలి ఆకారం మాత్రం పాతకాలపు భౌతిక శాస్త్రవేత్త రమ్‌ఫోర్డ్ చెప్పిన పద్ధతి. ఆయన 1796లోనే ఈ పొయ్యిల మీద రాశాడు: లోతు తగ్గించు, పక్క గోడలు ఏటవాలుగా పెట్టు, పైన పొగ దూరే గొంతు నాలుగు అంగుళాలకు మించనీయకు. వెనక గోడ వెడల్పు, లోతు రెండూ నోటి వెడల్పులో మూడో వంతు, అంటే నాకు 10, 10. మంట ముందుకొచ్చింది, ఏటవాలు గోడలు వేడిని గదిలోకి కొడుతున్నాయి. ఇంత చిన్న పొయ్యిలో కట్టెలు పడుకోబెడితే పట్టవు, పొట్టిగా కొట్టి నిలబెట్టి ఒకదానికొకటి ఆనించాలి.

సిమెంటు వాడలేదు, వేడికి పగులుతుంది. వేడికి తట్టుకునే ఫైర్ ఇటుకలకు పుట్టమన్ను, ఇసుక, కొంచెం ఊక కలిపి పెట్టాను. ఆత్రం కొద్దీ నాలుగో రోజే పెద్ద మంట వేస్తే ఎడమ పక్క నిలువునా నెర్రె ఇచ్చింది, వేలు పట్టేంత. తవ్వి మళ్లీ మెత్తి, పది రోజులు ఆరనిచ్చి, చిన్న చిన్న మంటలతో కాల్చాను. వెనకాల పాత ఇనుప సామాను కొట్లో దొరికిన 8 మిల్లీమీటర్ల రేకు ఆనించాను, మంట ఆరాక కూడా గంటసేపు చెయ్యి దగ్గర పెట్టనివ్వదు.

అయినా వీపు చలి పోలేదు. ఊదుబత్తి వెలిగించి తలుపు కింద పెట్టి చూస్తే పొగ తాడు లాగినట్టు నేల వెంబడే పొయ్యి దాకా పోయింది! మంటకు కావలసిన గాలి బయటి నుంచి, నా వీపు మీదుగా వస్తోందన్నమాట. పొయ్యి పక్కనే గోడకు మూడు అంగుళాల జీఐ పైపు దింపాను, బయటి చివర తేళ్లు రాకుండా జాలి కట్టాను. తలుపు కింద గోనెపట్టా. అన్నిట్లోకీ చవక పని ఇదే, తేడా కూడా దీనికే ఎక్కువ కనబడింది. పైపు లేకుండా సందులు మాత్రం మూయకండి, పొగ వెనక్కి తిరుగుతుంది. గొంతులో పెట్టిన రేకు తలుపు కూడా బూడిద పూర్తిగా చల్లారాకే మూస్తున్నాను, నిప్పులుండగా మూస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదిలో చేరుతుంది, దానికి వాసన కూడా ఉండదు.

కట్టెల సంగతి. పత్తి కట్టె అంటించడానికే, భగ్గుమని ఆరిపోతుంది. నిలిచేది తుమ్మ, అదీ ఏడాది ఆరింది.

పోయినేడు బయట 8 డిగ్రీలు ఉన్న రోజు రాత్రంతా 12 కిలోలు కాల్చినా పొద్దున లోపల 13. మొన్న అదే 8కి, 8 కిలోలతో 17. చవక థర్మామీటరే, డిగ్రీ అటూ ఇటూ అనుకోండి.

బాపు కుంపటి పక్కన పెట్టి, రోజుకో జానెడు మంచం పొయ్యి వైపు జరుపుతున్నాడు. తుమ్మ చిటపటమని నిప్పురవ్వలు ఎగరేస్తుంది, నిన్న దుప్పటికి రెండు బొక్కలు. ఈ వారం ముందు జాలి చేయించాలి.