హార్వీని పంపించేశారు

2018 మే 5, శనివారం

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ రైల్లోనే చదివాను. న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు మెట్స్ వాళ్లు తమ పిచర్ మ్యాట్ హార్వీని పంపించేస్తున్నారట. కింది స్థాయి మైనర్ లీగ్‌కి వెళ్లి చేతిని దారిలో పెట్టుకుని రమ్మన్నారు, తను వెళ్లనన్నాడు. ఐదేళ్లు పైబడి ఆడినవాడికి అలా కాదనే హక్కు ఉంది. దాంతో జట్టు జాబితాలోంచి పేరు తీసేశారు. ఇక 7 రోజుల్లో ఎవరికైనా ఇచ్చేయాలి, లేదంటే పూర్తిగా వదిలేయాలి.

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

పొద్దున్నే అమ్మని ఫ్లషింగ్ గణపతి గుడికి తీసుకెళ్లాలి. తెనాలి నుంచి వచ్చి ఆరు వారాలైంది, శనివారం వస్తే గుడి తప్పదు. జాక్సన్ హైట్స్‌లో 7 నంబర్ రైలెక్కాం. విల్లెట్స్ పాయింట్ దగ్గర కిటికీలోంచి మెట్స్ స్టేడియం సిటీ ఫీల్డ్ కనబడుతుంటే అటే చూస్తూ ఉండిపోయాను. ఎదురు సీట్లో ఒకాయన 33 నంబర్ జెర్సీ వేసుకున్నాడు. ఉతికి ఉతికి వెలిసిపోయింది, రెండో 3 అంచు ఊడి లేచింది. హార్వీ నంబరది. ఆయనా నేనూ ఒకసారి చూసుకున్నాం. ఆయన తల అడ్డంగా ఊపి కిటికీ వైపు తిరిగాడు.

"ఎవర్రా ఆ అబ్బాయి? పొద్దుట్నుంచీ ఫోన్లో అతన్నే చూస్తున్నావు" అంది అమ్మ.

"పిచర్ అమ్మా. మన బౌలర్ లాంటివాడు. టీమ్ లోంచి తీసేశారు."

"వయసెంత?"

"ఇరవై తొమ్మిది."

"అయ్యో, చిన్నవాడే" అని ఊరుకుంది.

చిన్నవాడే. 2012 జులైలో అరిజోనా మీద మొదటి మ్యాచ్ ఆడినప్పుడు 23 ఏళ్లు. ఆ రోజు 11 మందిని స్ట్రైకవుట్ చేశాడు, అంటే ఫీల్డర్ల సాయం లేకుండా తనే అవుట్ చేశాడు. నేను అప్పటికి ఈ ఊరొచ్చి మూడేళ్లు, బేస్‌బాల్ అంటే ఆసక్తి లేదు. ఒక ఆట ఎలా చూడాలో నాకు నేర్పించింది హార్వీయే. 2013లో అన్ని జట్ల మేటి ఆటగాళ్లు ఆడే ఆల్ స్టార్ మ్యాచ్ ఇక్కడే, సిటీ ఫీల్డ్‌లోనే జరిగితే మొదటి బంతి వేసింది అతనే.

ఇప్పుడందరూ పట్టుకున్నది 7.00 అనే అంకెని. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులిచ్చాడు అన్న లెక్క అది. ఈ ఏడాది 27 ఇన్నింగ్స్‌లో 21 పరుగులు. 27 ఇన్నింగ్స్ అంటే మూడు పూర్తి ఆటలు. మూడు ఆటలు చూసి ఒక మనిషి పని అయిపోయిందనడం నాకు ఒప్పదు. పైగా పరుగులన్నీ పిచర్ ఒక్కడి చేతిలో ఉండవు. ఫీల్డర్ ఒక అడుగు ఆలస్యమైతే బంతి పక్కనుంచి పోతుంది, ఆ పరుగు పిచర్ ఖాతాలో పడుతుంది. నేను చూసేది వేరు. ఎంతమందిని తనంతట తాను అవుట్ చేశాడు, ఎంతమందిని ఊరికే నడిపించాడు (గురి తప్పిన బంతులు నాలుగు వేస్తే బ్యాటర్‌కి మొదటి బేస్ ఊరికే వస్తుంది, అదే వాక్), ఎన్ని హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) ఇచ్చాడు. ఈ మూడింటిలో ఫీల్డర్ల పాత్ర దాదాపు ఉండదు.

రాత్రి నిద్ర పట్టక అవే ముందేసుకుని కూర్చున్నాను. 2013లో 178 ఇన్నింగ్స్: 191 స్ట్రైకవుట్లు, 31 వాక్‌లు, 7 హోమ్ రన్లు. పోయినేడు 92 ఇన్నింగ్స్: 67 స్ట్రైకవుట్లు, 47 వాక్‌లు, 21 హోమ్ రన్లు. సగం ఆటలో మూడింతల హోమ్ రన్లు! ఇది అదృష్టం బాగోలేక జరిగింది కాదు. అప్పుడు గంటకు 95 మైళ్లు అవలీలగా దాటే బంతి ఇప్పుడు 92, 93 దగ్గర ఆగిపోతోంది. ఆ బంతిని ఇక్కడి బ్యాటర్లు వదలరు. మొన్న గురువారం అట్లాంటా మీద రెండు ఇన్నింగ్స్‌లో ఐదు పరుగులిచ్చినప్పుడు టీవీలో చూశాను. బంతి వెళ్లాల్సిన చోటికి వెళ్లడం లేదు. అది అతనికీ తెలుస్తోంది, మొహంలోనే కనబడింది.

అందుకే మెట్స్ చేసింది తప్పని నేననను. ఏరు దాటాక తెప్ప తగలేశారని ఆఫీసులో స్నేహితుడు నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. నాకలా అనిపించలేదు. రెండేళ్లు ఓపిక పట్టారు.

నాకు కోపం వస్తున్నది ఇంకో మాటకి. తిరుగుళ్లు ఎక్కువై చెడిపోయాడట, పొగరట. పోయినేడు మేలో చెప్పకుండా మ్యాచ్‌కి రాలేదు, టీమ్ 3 రోజులు సస్పెండ్ చేసింది. నిజమే, తప్పే. కానీ బంతి వేగం తగ్గింది పార్టీల వల్ల కాదు. 2013 అక్టోబర్‌లో మోచేతి లిగమెంట్‌కి ఆపరేషన్. 2014 మొత్తం పోయింది. 2015లో తిరిగొచ్చాడు. సర్జరీ తర్వాత మొదటి ఏడాది కాబట్టి 180 ఇన్నింగ్స్ దాటనివ్వొద్దని అతని ఏజెంట్ గొడవ చేశాడు, ఊరంతా హార్వీని స్వార్థపరుడని తిట్టింది. చివరికి పోస్ట్‌సీజన్ (సీజన్ చివరి నాకౌట్ ఆటలు)తో కలిపి 216 వేశాడు.

ఆ ఏడాది నవంబర్ 1 రాత్రి నేను మర్చిపోలేను. టైటిల్ తేల్చే వరల్డ్ సిరీస్‌లో ఐదో ఆట, కాన్సాస్ సిటీ మీద. ఎనిమిది ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగూ ఇవ్వలేదు, మనం 2-0 ముందున్నాం. చాలు, తొమ్మిదోది వేరేవాడు వేస్తాడన్నారు. హార్వీ నేరుగా మేనేజర్ టెర్రీ కాలిన్స్ దగ్గరికెళ్లి నేనే వేస్తానన్నాడు. స్టేడియం మొత్తం అతని పేరే అరుస్తోంది. నేనూ సోఫా మీద నిలబడి అరిచాను. మొదటివాడికి వాక్, రెండోవాడు రెండో బేస్ దాకా చేరే దెబ్బ, డబుల్ కొట్టాడు, ఒక పరుగు వచ్చేసింది. హార్వీని అప్పుడు దింపారు. తర్వాత స్కోరు సమమై, పన్నెండో ఇన్నింగ్స్‌లో 7-2తో ఓడిపోయాం, సిరీస్ పోయింది. వెయ్యమని అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను కదా, ఇవాళ అతని పొగరు గురించి ఏ నోటితో మాట్లాడను?

మరుసటేడు వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. మెడకీ భుజానికీ మధ్య నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోయే జబ్బు. జులైలో పక్కటెముకల్లో మొదటిదాన్ని తీసేశారు. ఎముకే తీసేశారు!

సాయంత్రం అమ్మ ఫ్లషింగ్‌లో కొన్న చేమంతులు ముందేసుకుని దండ కట్టడానికి కూర్చుంది. ఇదివరకు సీరియల్ చూస్తూ, చేతుల వంక చూడకుండా మూర మూర కట్టేసేది. అటు రెండు పూలు, ఇటు రెండు, దారం ఒక మెలిక, ముడి. రెండేళ్లుగా మెడనరం నొక్కుకుని కుడిచేతి వేళ్లకి స్పర్శ సరిగా లేదు. ఇవాళ పక్కనే కూర్చుని చూశాను. మెలిక వేసి లాగేలోపే పువ్వు జారిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది.

"దారం వేళ్ల మధ్య ఉందో లేదో చూస్తే గానీ తెలియట్లేదురా" అంది.

లేచి వెళ్లి అరలో ఉన్న బేస్‌బాల్ తెచ్చుకున్నాను. ఎర్ర దారపు కుట్టు ఉబ్బుగా గట్టు కట్టినట్టు ఉంటుంది. చూపుడువేలు, మధ్యవేలు కొసలు దానికి అడ్డంగా ఆనిస్తే ఫాస్ట్‌బాల్. కాస్త పక్కకి జరిపి ఒక వేలు గట్టిగా నొక్కితే స్లైడర్. పిచర్ ఇదంతా గ్లవ్‌లో చెయ్యి పెట్టి, కంటితో చూడకుండా చేయాలి, బ్యాటర్‌కి కనబడకూడదు కాబట్టి. వేళ్లకి ఆ కుట్టు తెలియకపోతే ఏం చేస్తాడు?

సర్జరీ తర్వాత తిమ్మిరి పూర్తిగా పోయిందో లేదో అతనికే తెలియాలి. పోయినేడు భుజం వెనక ఎముక దెబ్బతిని మళ్లీ రెండు నెలలకు పైగా ఆడకుండా కూర్చున్నాడు. అలాంటి చేత్తో బుల్‌పెన్‌కి, అంటే ఆట మధ్యలో దిగే పిచర్లలోకి, వెళ్లమన్నా వెళ్లాడు. మైనర్స్‌కి మాత్రం వెళ్లనన్నాడు. వెళ్లుంటే బాగుండేదని నాకు అనిపిస్తోంది, నాలుగు వారాలు ఎవరూ చూడనిచోట బంతి వేసుకునేవాడు. కాదనడం అతని హక్కు, అది వేరే విషయం.

ఇంకా ఆరు రోజులుంది. ఏ టీమ్ తీసుకున్నా మొదటి మ్యాచ్ చూస్తాను, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే.

అమ్మ నాలుగోసారి పువ్వు పెడుతుంటే దారం ఒక కొస నేను పట్టుకున్నాను. "గట్టిగా లాగి పట్టు" అంది.